ఆకుల కొనలు మాడుతుంటే: కుండీ అడుగు నుంచి కుళాయి దాకా

మొక్క బాగాలేదని చెప్పే వారిని నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: కుండీని పైకెత్తి అడుగు చూశారా? చూశామని చెప్పేవారు చాలా తక్కువ. ఎరువు మారుస్తారు, మందు కొడతారు, మనీప్లాంట్‌ను ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి జరుపుతారు, దిష్టి తగిలిందేమోనని గుడ్డు డొల్ల కూడా గుచ్చుతారు. కుండీని మాత్రం ఎత్తరు. నర్సరీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కుండీని హాల్లో అందంగా ఉండాలని అలాగే ఒక పింగాణీ కుండీలోకి దించుతాం. ఆ పింగాణీ కుండీకి అడుగున రంధ్రం ఉండదు కాబట్టి పోసిన నీటిలో మిగిలినదంతా అక్కడే నిలుస్తుంది. పైమట్టి పొడిగా కనిపిస్తుంది, వేళ్లేమో రెండంగుళాల నీటిలో మునిగి ఉంటాయి. కింద రాసినది చదివే ముందు ఆ ఒక్క పని చేసి రండి.

మనీప్లాంట్, స్పైడర్ ప్లాంట్, పీస్ లిల్లీ, డ్రసీనా, స్నేక్ ప్లాంట్ వంటి మామూలు ఇంటి మొక్కలనూ, ఇంట్లో పెట్టకపోయినా ఇంటి మొక్కగానే చూసుకునే తులసినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వీటికి ఎంత వెలుతురు కావాలో, ఎన్నాళ్లకొకసారి నీరు పోయాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ఆకులు పసుపుబారి రాలుతున్నాయి

అడుగున ఉన్న ముసలి ఆకు ఒకటి నెలకోసారి పండి రాలితే అది జబ్బు కాదు, వదిలేయండి. నాలుగైదు ఆకులు ఒకేసారి పసుపుబారి, మట్టి తడిగా ఉండి, కాడ మొదలు మెత్తబడితే వేరుకుళ్లు మొదలైందని అర్థం. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ పైన చెప్పిన నిలవ నీరే. వేలితో పైమట్టిని తాకి చూడటం చాలదు. వెలిగి ఆరిపోయిన అగరుబత్తి పుల్లను కుండీ అడుగు దాకా గుచ్చి, కొద్ది నిమిషాల తరువాత తీసి చూడండి. పుల్ల పొడవునా తడి అంటితే నీరు పోయవలసిన పని లేదు.

మొక్కను బయటికి తీసి, నల్లబడి జారుడుగా ఉన్న వేళ్లను కత్తిరించి, గట్టిగా తెల్లగా ఉన్నవాటిని మాత్రమే ఉంచి కొత్త మట్టిలో నాటాలి. మనీప్లాంట్ అయితే అంత శ్రమ కూడా అక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న తీగను కణుపుతో సహా కత్తిరించి నీటిలో ఉంచితే రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. స్నేక్ ప్లాంట్ ఆకును పట్టుకుని లాగగానే ఊడి చేతికి వచ్చిందంటే దాని మొదలు అప్పటికే కుళ్లిపోయింది. గట్టిగా ఉన్న పిలకలుంటే వేరు చేసుకోండి.

కొనలు మాడుతున్నాయి, నీరు పోసినా వాడుతోంది

అసలు మాట ఇక్కడ ఉంది. కుండీ అడుగు శుభ్రంగా ఉంది, నీరు నిలవడం లేదు, ఎండ తగలడం లేదు, పురుగు లేదు. అయినా ఆకు కొన గోధుమరంగులో మాడుతుంది, ఆ మాడు అంచు వెంట కిందికి దిగుతుంది. మట్టి తడిగా ఉన్నా మధ్యాహ్నానికి మొక్క తలవాలుస్తుంది. చూసినవారంతా నీరు చాలలేదంటారు. మనం ఇంకా పోస్తాం, మొక్క ఇంకా మాడుతుంది.

నేను దీనితో దెబ్బతిన్నవాడినే. హైదరాబాద్‌లో బోరు నీటి మీద ఆధారపడిన ఒక అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు స్పైడర్ ప్లాంట్లు ఆరు పెంచాను. నాలుగు నెలల్లో ఆరింటికీ కొనలు మాడాయి. నీడకు మార్చాను, మట్టి మార్చాను, ఎవరో చెప్పారని ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్ అనే లవణం) కూడా కలిపి పోశాను. అది నిప్పు మీద నూనె పోసినట్లయింది. ఆ మొక్కల పిల్లల్నే రెండింటిని ఎదురింటి పెద్దావిడకు ఇచ్చి ఉన్నాను. ఆవిడ వాటిని పాత పెయింట్ డబ్బాలో నాటారు. అవేమో జడలు వేసుకుని వేలాడుతున్నాయి. ఏమి వేస్తున్నారండీ అని అడిగితే, "ఏం వేస్తాను బాబూ, కూరగాయలు కడిగిన నీళ్లే పోస్తున్నా" అన్నారు. ఆవిడ వంటింట్లో కూరగాయలు కడిగేది మంజీరా నది నుంచి వచ్చే సరఫరా నీటి కుళాయి కింద. నేను నీరు పట్టేది బోరు నీరు వచ్చే బాల్కనీ కుళాయి నుంచి. ఇంత జరిగినా నాకు వెలగలేదు. ఒక ఆదివారం మా వాచ్‌మన్ ఉప్పు బస్తా భుజాన వేసుకుని మోటారు గదిలోకి వెళ్తుంటే ఎందుకని అడిగాను. "సాఫ్ట్‌నర్ల పోస్తం సార్, వారానికొకటి" అన్నాడు. అప్పుడు వెలిగింది.

సాఫ్ట్‌నర్ అంటే నీటి కాఠిన్యాన్ని తగ్గించే యంత్రం. అది చేసే పనిని చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. అది నీటిలోని లవణాలను తీసివేయదు, ఒక లవణం స్థానంలో మరొక దాన్ని పెడుతుంది. నీటికి కాఠిన్యాన్ని ఇచ్చే కాల్షియం, మెగ్నీషియం దానిలోని రెజిన్ పూసలకు అంటుకుని, వాటి బదులు సోడియం నీటిలోకి వస్తుంది. పూసలు నిండిపోయినప్పుడు ఉప్పునీటితో కడిగి మళ్లీ సిద్ధం చేస్తారు. లెక్క చూడండి: లీటరుకు 100 మిల్లీగ్రాముల కాఠిన్యం తొలగిన చోట సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. కాఠిన్యం 400 ఉన్న బోరు నీరు సాఫ్ట్‌నర్ దాటి వచ్చేసరికి అదనంగా 184 మిల్లీగ్రాముల సోడియాన్ని మోసుకొస్తుంది. సబ్బు చక్కగా నురగ వస్తుంది, కుళాయికి తెల్లపొర పట్టదు, అందుకే "మా నీళ్లు మంచివేనండీ" అంటారు. టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన మొత్తం లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) ముంచి చూసినా సాఫ్ట్‌నర్‌కు ముందూ తరువాతా అంకె దాదాపు ఒకటే ఉంటుంది కాబట్టి మీటరు కూడా మిమ్మల్ని హెచ్చరించదు.

పొలంలో ఉప్పు పేరుకున్న నేలను చౌడు అంటారు. తెల్లగా పొంగేది పాల చౌడు, సోడియం ఎక్కువై మట్టి బిగుసుకుపోయి నీరు ఇంకనిది కారు చౌడు. మనం చేస్తున్నది కుండీలో చౌడు తయారుచేయడమే. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు పోదు. ప్రతి చెంబుతోనూ ఇంకాస్త చేరుతుంది. మట్టిలో ఉప్పు సాంద్రత పెరిగినకొద్దీ వేరు నీటిని లాగలేకపోతుంది, అందుకే తడిమట్టిలో ఉండి కూడా మొక్క వాడుతుంది. లాగిన కొద్ది నీటితో వచ్చిన ఉప్పు ఆకు కొనలో, అంచులో చేరి అక్కడి కణాలను చంపుతుంది. ఎర్రమట్టి ఎక్కువగా ఉన్న కుండీలో సోడియం బంకమట్టి రేణువులను విడదీస్తుంది కాబట్టి పైభాగం అట్టకట్టి, పోసిన నీరు పైనే నిలిచి, కుండీ అంచు నుంచి జారిపోతుంది.

రెండో దొంగ వంటింట్లోనే ఉంది: తాగేనీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీరు. పారబోయడం ఇష్టంలేక మొక్కలకు పోస్తారు, ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేను. కాని 600 టీడీఎస్ ఉన్న నీరు మూడు లీటర్లు లోపలికి వెళ్లి ఒక లీటరు మంచినీరు వచ్చిందంటే, మిగిలిన రెండు లీటర్లలో టీడీఎస్ 875 దరిదాపుల్లో ఉంటుంది. సగానికి సగం వచ్చే యంత్రమైతే 1150 దాటవచ్చు. ఆ నీటితో నేల తుడవండి, బాత్రూమ్ కడగండి. మూడోది, సరిగా కడగని కొబ్బరి పొట్టు. చవకగా వచ్చే ఇటుకలలో ఉప్పు మిగిలి ఉండవచ్చు; వాడే ముందు రెండు మూడుసార్లు నానబెట్టి పిండాలి. ఉప్పు వేసి వండిన అన్నం గంజి, పప్పు ఉడికించిన నీరు కూడా ఈ జాబితాలోకే వస్తాయి. ఉప్పు తగలని బియ్యం కడుగు నీటితో ఇబ్బంది లేదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. కుండీ అంచున, అడుగు పళ్లెంలో, మట్టి మీద తెల్లటి పొర ఉందా అని చూడండి. మీటరు ఉంటే పోసే నీటినీ, కుండీ అడుగు నుంచి కారిన నీటినీ విడివిడిగా కొలవండి: పోసింది 500 ఉండి కారింది 2000 ఉంటే ఇంక అనుమానించవలసింది లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ఉందో లేదో అసోసియేషన్ వారికంటే వాచ్‌మన్‌కు బాగా తెలుస్తుంది.

చికిత్స కడగడమే. పైన అట్టకట్టిన అర అంగుళం మట్టిని గీకి తీసేయండి. వాన నీరు గాని, సాఫ్ట్‌నర్ తగలని మంజీరా, కృష్ణా, గోదావరి వంటి సరఫరా నీరు గాని తీసుకుని, కుండీలో పట్టే మట్టికి రెండింతలు నెమ్మదిగా పోయండి. ఎనిమిదంగుళాల కుండీకి పది లీటర్లు, మూడు విడతలుగా. కారిన నీటిని పళ్లెంలో ఉంచవద్దు, మట్టి మళ్లీ దాన్నే పైకి పీలుస్తుంది. ఎర్రమట్టి బిగుసుకుపోయి ఉంటే ముందు ఒక చెంచా జిప్సం పైన కలిపి ఆ తరువాత కడగండి; చౌడు నేలకు రైతు చేసే పనే ఇది, జిప్సంలోని కాల్షియం సోడియాన్ని కదిలిస్తే నీరు దాన్ని బయటికి తోస్తుంది. మట్టి మరీ చెడిపోతే మార్చేయడమే సులభం. నెల రోజులు ఏ ఎరువూ వద్దు, ఎరువు కూడా ఉప్పే. మాడిన కొన మళ్లీ పచ్చబడదు, దాన్ని చూస్తూ దిగులుపడకండి. ఆ తరువాత విచ్చుకునే కొత్త ఆకు కొన శుభ్రంగా ఉందా లేదా అన్నదే లెక్క. వేసవిలో మంచి నీరు దొరకకపోతే ఏసీ గొట్టం నుంచి కారే నీటిని బకెట్లో పట్టండి. అది గాలిలోని తేమ చల్లబడి వచ్చినది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు.

నల్లగొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో బోరు నీరు వాడేవారికి ఒక మాట: డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఫ్లోరైడ్‌ను ఓర్చుకోలేవు, సాఫ్ట్‌నర్ లేకపోయినా వీటి కొనలు మాడతాయి. అక్కడ వాన నీరే శరణ్యం.

తులసి ఎండిపోతోంది

తులసి ఎండితే ఇంటికి అరిష్టమన్న భయంతో చాలామంది సంకోచిస్తూ అడిగే ప్రశ్న ఇది. స్నానం చేసి, చెంబు నిండా నీరు పట్టి, కోటలో పోస్తారు. ఆ చెంబు నింపేది ఎక్కడ? బాత్రూమ్ కుళాయి కింద. సాఫ్ట్‌నర్ నీరు రోజూ తప్పకుండా అందే మొక్క ఇంట్లో తులసి ఒక్కటే. చెంబును సాఫ్ట్‌నర్ తగలని సరఫరా నీరు వచ్చే వంటింటి కుళాయి దగ్గర నింపండి, ఆచారానికి ఏ లోటూ రాదు. కార్తీకంలో దీపాన్ని కొమ్మల కింద కాక కోట గూట్లో పెట్టండి. పసుపు కుంకుమలు మొక్క మొదలు దగ్గర కాక కోటకు పెట్టండి.

ఇవన్నీ బాగున్నా ఎండుతుంటే వెన్నులు చూడండి. గింజ కట్టిన తులసి బలహీనపడటం దాని స్వభావం. వెన్ను కనిపించగానే తుంచుతూ ఉంటే ఎక్కువ కాలం ఉంటుంది. కొన్ని గింజలు దాచుకుంటే చాలు. చలికాలంలో ఆకు రాల్చడం కూడా మామూలే.

మనీప్లాంట్ ఆకులు చిన్నవవుతున్నాయి

ఇక్కడ పాతమాటలో నిజముంది. తీగ పైకి పాకాలి, కిందికి వేలాడితే సంపద దిగిపోతుందంటారు. సంపద సంగతి నాకు తెలియదు గాని, ఈ తీగ అడవిలో చెట్టెక్కేది; ఎక్కడానికి ఆసరా దొరికితే ఆకు పెద్దదవుతుంది, వేలాడేకొద్దీ చిన్నదవుతుంది. తడిపి ఉంచిన కొబ్బరిపీచు కర్రకు కట్టండి. దొంగిలించి తెస్తేనే బతుకుతుందన్న మాటకు కూడా నా దగ్గర ఒక వివరణ ఉంది: పక్కింటి గోడ మీద నుంచి రహస్యంగా తుంచేవారు బాగా పెరిగిన తీగనే చూసుకుని తుంచుతారు. అడిగి తెచ్చుకున్న కణుపు కూడా అంతే బాగా వేరు పట్టుకుంటుంది. పిల్లలు, పిల్లులు ఉన్న ఇంట్లో మాత్రం అందకుండా ఉంచాలి; ఆకులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల నమిలితే నోరు మండి వాస్తుంది.

మొక్కలు పెట్టినా గాలి మారలేదు

మారదు. 1989లో నాసా తరఫున వుల్వర్టన్ బృందం చేసిన ప్రయోగం చిన్న మూసిన పెట్టెల్లో జరిగింది. మన గదికి తలుపులు, కిటికీలు ఉన్నాయి. ఇలాంటి పాత ప్రయోగాల ఫలితాలను 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మళ్లీ లెక్కించి, మామూలు గాలి రాకపోకలతో సమానంగా పనిచేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. స్నేక్ ప్లాంట్ రాత్రి ఆక్సిజన్ ఇస్తుందన్నది కూడా పొరపాటే: రాత్రి అది పీల్చేది కార్బన్ డయాక్సైడ్‌ను, ఆక్సిజన్ తయారు కావాలంటే వెలుతురు ఉండాల్సిందే. లక్కీ బ్యాంబూ అసలు వెదురే కాదు, ఒక రకం డ్రసీనా; దాని గాజు గిన్నెలో ఆర్‌ఓ శుద్ధి చేసిన నీరు పోయండి, వదిలేసిన నీరు కాదు.

మిగిలినవి

తెల్లటి దూది ముద్దల్లా ఉంటే పిండినల్లి: తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి వారానికోసారి మూడు వారాలు చల్లండి. సన్నటి సాలెగూడు కనిపిస్తే ఎర్రనల్లి, దానికీ అదే మందు. మట్టి చుట్టూ చిన్న ఈగలు ఎగురుతుంటే మట్టిని ఆరనివ్వండి. వైరస్ తెగుళ్లు, సూక్ష్మపోషక లోపాలు ఉండవని కాదు, ఇంటి మొక్కల్లో ఇన్నేళ్లలో నాకు తారసపడింది చాలా అరుదు. అలాంటిదేదో వచ్చిందని అనుమానం కలిగితే మందుల కోసం తిరిగే ముందు బాగున్న కణుపొకటి కత్తిరించి, వంటింటి కుళాయి నీరు పోసిన గాజు సీసాలో వేసి ఉంచుకోండి.