వార్డు నుంచి ఇంటికి జబ్బు తేకుండా: మెడికల్ జూనియర్లకు ఒక అక్క చెప్పే జాగ్రత్తలు

మా పిన్ని కూతురు ఈ ఏడాదే వార్డుకు వెళ్లడం మొదలుపెట్టింది. "అక్కా, మళ్లీ కరోనా లాంటిది వస్తే మేమెలా ఉండాలి?" అని మొన్న అడిగింది. ఫోన్లో అరగంట చెప్పినా సగం మిగిలిపోయింది. అందుకే రాస్తున్నాను. 2021 మే నెలలో, సెకండ్ వేవ్ మధ్యలో, నేను హౌస్ సర్జన్‌ని. డ్యూటీ అయ్యాక గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికే వెళ్లాలి. ఇంట్లో షుగరున్న అమ్మమ్మ ఉండేది.

మనకు తెలియక కాదు, అలసిపోయినప్పుడు చెయ్యి మాట వినక జబ్బు తెచ్చుకుంటాం. చేతులు కడుక్కోవాల్సిన ఐదు సందర్భాలూ వైవాలో (నోటి పరీక్షలో) గడగడా చెప్పేస్తాం. వార్డులో మాత్రం ఐదోది జారిపోతుంది. పేషెంటును ముట్టుకోకపోయినా మంచం రైలింగు, సెలైన్ స్టాండు, పక్కనున్న బల్ల తాకితే చేతులు శుభ్రం చేసుకోవాలి. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా రుద్దాలి. సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు. చేతికి మురికి కనిపిస్తుంటే శానిటైజర్ చాలదు, సబ్బే వాడాలి.

ఎన్95 మాస్కుకు పై పట్టీ నడినెత్తి మీద, కింది పట్టీ మెడ వెనక ఉండాలి. రెండూ మెడ మీదకు లాక్కుంటే బిగువు పోతుంది. పెట్టుకోగానే చుట్టూ రెండు చేతులు ఆనించి గట్టిగా ఊదండి. అంచుల్లోంచి గాలి తగిలితే ముక్కు దగ్గరి క్లిప్పు మళ్లీ నొక్కాలి. గడ్డం పెంచిన తమ్ముళ్లకు మాస్కు అతుక్కోదు, గడ్డం గీసేయాల్సిందే. కొరత ఉన్నప్పుడు నేను ఐదు మాస్కులు ఐదు కాగితం కవర్లలో వేసి, ఒక్కోదాని మీద తేదీ రాసుకునేదాన్ని. ఇవాళ వాడినది మళ్లీ ఆరో రోజుకే బయటికి వచ్చేది. మాస్కును ఉతకొద్దు, శానిటైజర్ కొట్టొద్దు. వడపోసే పొరకున్న విద్యుదావేశం పోతుంది. తడిసినా, పట్టీ సాగినా పారేయండి.

అసలు ప్రమాదం పీపీఈ (వార్డులో వేసుకునే రక్షణ తొడుగులు) విప్పేటప్పుడు. మాకు నేర్పిన వరస ఇది: ముందు గ్లవ్స్, తర్వాత ఫేస్ షీల్డు, తర్వాత గౌను, వార్డు బయటికి వచ్చాక చివరగా మాస్కు. మధ్యమధ్యలో చేతులు శుభ్రం చేసుకోవాలి. మాస్కు ముందుభాగం ముట్టుకోకుండా వెనక పట్టీలు పట్టుకుని తీయాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. అయినా రోహిణి కార్తె ఎండలో, ఆరు గంటల డ్యూటీ తర్వాత, ఊపిరాడక గ్లవ్స్ చేతులతోనే మాస్కు లాగేశాను. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపట్టలేదు, అమ్మమ్మే గుర్తొచ్చింది. మర్నాటి నుంచి నేనూ నా ఫ్రెండూ జంటగా విప్పేవాళ్లం. ఒకరు ఎదురుగా కాస్త దూరంలో నిలబడి ఒక్కో మెట్టూ బయటికి చదవాలి, రెండోవాళ్లు అది విన్నాకే చెయ్యి కదపాలి. మీరూ అలాగే చేయండి. పీపీఈ వేసుకునే ముందు కడుపునిండా మజ్జిగో నీళ్లో తాగి వెళ్లండి.

ఇక డ్యూటీ రూము. మా బ్యాచ్‌లో ఒకే వారంలో నలుగురికి పాజిటివ్ వచ్చింది. ఎన్నిసార్లు లెక్కవేసుకున్నా ఆ చిన్న గది దగ్గరికే వచ్చి ఆగాం. కిటికీలు మూసి, ఏసీ వేసి, మాస్కులు గడ్డం కిందకి దించి, అందరం ఒకేసారి టీ తాగేవాళ్లం. ఒకరితో ఒకరం ఉన్నప్పుడు జబ్బు గుర్తురాదు. కిటికీ తెరవండి, వంతులవారీగా తినండి, కబుర్లు ఆరుబయట చెప్పుకోండి. అటెండెన్స్ పోతుందని పారాసిటమాల్ వేసుకుని జ్వరంతో డ్యూటీకి మాత్రం వెళ్లకండి. ఈ ఒక్క విషయంలో ఎవరు మొహమాటపెట్టినా వినొద్దు.

ఇంటి సంగతికొస్తే, ఉంగరం, గొలుసు, వాచీ ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. తిరిగి రాగానే చెప్పులు గుమ్మం బయట, బట్టలు సర్ఫు నీళ్ల బకెట్లో, మనం స్నానాల గదిలో. ఫోను పౌచ్ తీసి 70 శాతం ఆల్కహాల్ దూదితో తుడవాలి. ఆ రెండు నెలలూ అమ్మమ్మతో కిటికీ అవతల నుంచే మాట్లాడాను.

జబ్బంటే కరోనా ఒక్కటే కాదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ (మొదటిది, నెలకు, ఆరు నెలలకు) వార్డుకు వెళ్లకముందే పూర్తిచేసుకోండి.

తెల్లకోటు చూశాక వీధివాళ్లంతా మనకే ఫోన్ చేస్తారు. అప్పట్లో వాట్సాప్‌లో తిరిగిన మందుల చీటీ చూసి, జ్వరమొచ్చిన రోజే స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్లున్నారు. కోవిడ్‌లో ఆక్సిజన్ తగ్గనివాళ్లకు వాటివల్ల మేలు లేదు, షుగర్ మాత్రం పెరుగుతుంది. ఆ ఏడాది బ్లాక్ ఫంగస్ ఎక్కువగా షుగరున్నవాళ్లనే పట్టుకుంది. తెలియని మందు పేరు చెప్పకండి, ఆక్సిజన్ ఎంతుందో అడగండి. వేళ్లు చల్లగా ఉన్నా, నెయిల్ పాలిష్ ఉన్నా వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు తప్పు చూపొచ్చు, ఇంకో వేలికి పెట్టించండి. నేను మా వీధిలో జ్వరమున్నవాళ్ల పేర్లు నోట్‌బుక్కులో రాసుకుని రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేదాన్ని. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గిందంటే, ఇంకో పూట చూద్దామన్నా ఊరుకోకుండా 108కి ఫోన్ చేయించేదాన్ని.