నష్టపరిహారం లెక్కల్లోంచి మనవాళ్ళు వెళ్ళిన చెరకు తోటను వెతకడం ఎలా

కోరంగి, తాళ్ళరేవు, యానాం చుట్టుపక్కల "మా ముత్తాత అన్నగారు ఓడెక్కి మారిషస్ పోయాడంట, మళ్ళీ తిరిగి రాలేదు" అనే మాట ఏదో ఒక ఇంట్లో వినపడుతూనే ఉంటుంది. అలా పోయినవాళ్ళ జాడ తీయాలనుకునేవాళ్ళు ముందు ఓడల జాబితాల మీద పడతారు. నేనైతే ఇంకాస్త వెనక్కి వెళ్ళమంటాను. అతన్ని పనిలో పెట్టుకున్న తోట ఎవరిది, సముద్రం అవతల నుంచి కూలీలను రప్పించుకునేంత డబ్బు ఆ దొరకి ఎక్కణ్ణుంచి వచ్చింది? దీనికి జవాబు చాలావరకు ఫోన్‌లోనే, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

ముందు విషయం తెలిసుండాలి, లేకపోతే ఆ రికార్డు చూసినా ఏమీ అర్థం కాదు. 1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలస దేశాల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది, నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఆ రోజుల్లో పౌండుకి సుమారు పది రూపాయలు, అంటే 20 కోట్ల రూపాయలు. ఎవరికనుకున్నారు? బానిసలకు కాదు, యజమానులకు. విడుదలైనవాళ్ళకు దక్కింది "అప్రెంటిస్" అనే పేరు, దాంతోపాటు అదే దొర దగ్గర మరికొన్నేళ్ళ వెట్టి. ఆ పరిహారం కోసం చేసిన అప్పు తాలూకు చివరి బాకీ బ్రిటన్ ఖజానా నుంచి 2015లో గాని తీరలేదు.

మారిషస్ యజమానుల వాటా సుమారు 21 లక్షల పౌండ్లు. అక్కడ చట్టం 1835 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది, కానీ చెరకు కొట్టే చేతులు రేపోమాపో జారిపోతాయన్న భయంతో తోటలవాళ్ళు 1834 నుంచే మన దేశపు కూలీలను దించుకోవడం మొదలెట్టారు. ఇక్కడ చూస్తే 1832-33లో నందన కరువు, 1839లో కోరంగిని తుడిచిపెట్టేసిన ఉప్పెన. అక్కడ చేతిలో డబ్బున్న దొరలు, ఇక్కడ తిండి లేని జనం.

ఇక పనిలోకి దిగుదాం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ నడిపే "లెగసీస్ ఆఫ్ బ్రిటిష్ స్లేవరీ" డేటాబేస్ తెరవండి. కాలనీ దగ్గర మారిషస్ ఎంచుకుని, మీ ఇంట్లో ఏదైనా తోట పేరో దొర పేరో నోటిమాటగా మిగిలి ఉంటే అది కొట్టండి. ప్రతి క్లెయిముకీ, అంటే పరిహారం కోసం పెట్టుకున్న దరఖాస్తుకీ, ఒక నంబరు, తేదీ, ఎంతమంది బానిసలు, ఎంత సొమ్ము అన్నవి ఉంటాయి. సొమ్ము పౌండ్లు, షిల్లింగులు, పెన్నీల్లో ఉంటుంది. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, మన రూపాయి అణాల లెక్క తెలిసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఇట్టే చెప్పేస్తారు. పాత క్లెయిము కాగితాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో టీ 71 అనే నంబరు కింద ఉన్నాయి. డేటాబేస్‌లో వివరం పొడిపొడిగా ఉంటే ఈ నంబరు పట్టుకునే అక్కడివాళ్ళని అడగాలి.

పేరు పక్కన అతని హోదా తప్పకుండా చూడండి, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. డబ్బు పుచ్చుకున్నవాడు తోట యజమానే కానక్కర్లేదు. తాకట్టు పెట్టుకున్న వ్యాపారి, వీలునామా అమలుచేసేవాడు, ట్రస్టీ, ఎవరైనా కావచ్చు. తోట అప్పుల్లో ఉంటే అప్పిచ్చినవాడు పోటీ క్లెయిము వేసేవాడు. గొడవలేని క్లెయిములకు డబ్బు ముందుగా వచ్చేది, తగాదా పడ్డవి కోర్టుల్లో నలిగేవి. అందుకే ఒకే తోట మీద రెండు మూడు పేర్లు కనపడితే కంగారు పడొద్దు, అన్నీ రాసుకోండి.

వీలైతే ఆ దరఖాస్తు ఫారం ఒక్కటైనా కళ్ళారా చూడండి. పొలంలో పనిచేసేవాళ్ళని, ఇంట్లో పనిచేసేవాళ్ళని, మేస్త్రీలని, చేతిపనివాళ్ళని, తక్కువ రకం కూలీలని వేరువేరు గడుల్లో వేసి, పక్కన అంకెలు వేశారు. చివర్లో ఆరేళ్ళలోపు పిల్లలకో గడి, ముసలివాళ్ళకీ రోగులకీ కలిపి ఇంకో గడి. ఆ పిల్లలు చట్టం అమల్లోకి వచ్చిన రోజే పూర్తిగా విడుదలయ్యారు, అయినా వాళ్ళ మీద కూడా దొరకి డబ్బు ముట్టింది. బానిసగా ఉన్న మనిషి పేరు మాత్రం ఫారంలో ఎక్కడా ఉండదు. రేటు కట్టిన పద్ధతి మరీ విచిత్రం, 1822 నుంచి 1830 దాకా ఆయా కాలనీలో మనుషుల అమ్మకాలు ఏ ధరకు జరిగాయో దాని సగటుని బట్టి. అందుకే జమైకాలో తలకి సగటున 20 పౌండ్ల లోపు పడితే, దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో 50 దాటింది.

గయానా అంటే గుర్తొచ్చింది, జాన్ గ్లాడ్‌స్టన్ అని ఒకాయన, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్‌కి తండ్రి. రెండున్నర వేల మందికి పైగా బానిసల మీద లక్ష పౌండ్లు దాటి పుచ్చుకున్నాడు, 1838లో కలకత్తా నుంచి కూలీలను ఓడల్లో తన గయానా తోటలకి తెప్పించుకున్నాడు. దొర పేరు పట్టుకుని వెతకమని నేను అనేది ఇందుకే.

మీవాళ్ళు యానాం నుంచి వెళ్ళారా? అయితే ఈ డేటాబేస్ ఒక్కటే సరిపోదు, మారిషస్ దగ్గర్లోని ఫ్రెంచి దీవి రీయూనియన్ వైపు కూడా చూడాలి. అక్కడికి 1828లోనే యానాం నుంచి చిన్న జట్టు కూలీలు వెళ్ళారు. ఫ్రాన్స్ 1848లో రద్దు చేసి, 1849 చట్టంతో యజమానులకి 12 కోట్ల 60 లక్షల ఫ్రాంకులు ఇచ్చింది, ఎక్కువ భాగం బాండ్ల రూపంలో. ఆ పుచ్చుకున్నవాళ్ళ పేర్లని ఫ్రెంచ్ పరిశోధనా సంస్థ సీఎన్ఆర్ఎస్ 2021లో ఆన్‌లైన్‌లో పెట్టింది.

మన జమీందార్ల పేర్లు మాత్రం వీటిలో వెతికి టైం వేస్ట్ చేసుకోకండి. 1833 చట్టం కంపెనీ పాలన కింద ఉన్న ప్రాంతాలకి వర్తించలేదు. ఇక్కడ 1843లో వచ్చిన చట్టం, బానిస మీద యజమాని హక్కుని కోర్టులు గుర్తించకూడదని చెప్పిందే గాని ఎవరికీ పరిహారం ఇవ్వలేదు.

తోట పేరు తేలాక మారిషస్‌లో మోకా ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి రాయాలి. ఒప్పంద కూలీల రిజిస్టర్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. వలస నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఊరు, కులం, ఒంటి మీద గుర్తులు, ఎక్కిన ఓడ, పనిచేసిన తోట, ఇవన్నీ రాసి పెట్టారు. 1860ల నుంచి వచ్చినవాళ్ళకైతే ఫోటో కూడా ఉండే అవకాశం ఉంది. తోటలు తరచు చేతులు మారేవి కాబట్టి పరిహారం పుచ్చుకున్న దొరా, మీవాళ్ళని పెట్టుకున్న దొరా ఒకడేనని తేదీలు చూడకుండా తేల్చేయకండి.

ఉత్తరంలో జిల్లా పేరు కూడా చూసి రాయండి. 1859కి ముందు గోదావరి జిల్లా అనేదే లేదు, అప్పట్లో అది రాజమండ్రి జిల్లా. స్పెల్లింగు గుమాస్తా చెవిని బట్టి ఉంటుంది, అప్పయ్య, అప్పన్న ఒకే రకంగా పడొచ్చు, ఊరి పేరు బదులు ఎక్కిన రేవు పేరే రాసి ఉండొచ్చు. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. అందుకని తండ్రి పేరు, సుమారు వయసు, వెళ్ళిన దశాబ్దం, ఈ మూడూ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ముందే రాసి పెట్టుకోండి.