ఉబుంటులో డి డ్రైవ్ మొరాయిస్తే

విండోస్, ఉబుంటు రెండూ ఉన్న కంప్యూటర్‌లో డి డ్రైవ్ ఉబుంటు నుంచి తెరుచుకోకపోయినా, తెరుచుకుని ఫైలు సేవ్ కానివ్వకపోయినా, డిస్కు పోయిందని కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి. చాలాసార్లు దోషం విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌ది. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అలా వదిలేసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) పార్టిషన్‌లో రాయడానికి ఉబుంటు ఒప్పుకోదు. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్' ఇస్తే హైబర్నేషన్‌తో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది.

తిరుపతి ఎండాకాలంలో సాయంత్రం గాలివానకు కరెంటు పోయి, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ టప్పున ఆరిపోతే మాత్రం నిజంగానే ఎర్రర్లు పడొచ్చు. అప్పుడు ఎవరి పార్టిషన్‌ను వాళ్లతోనే బాగు చేయించాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు విండోస్‌లో 'సీహెచ్‌కేడీఎస్‌కే డి కోలన్ స్లాష్ ఎఫ్'. ఉబుంటులోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ చిన్నాచితకా సర్ది, మిగతా తనిఖీ విండోస్‌కు వదిలేస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు.

ఉబుంటు తన ఫైళ్లకు వాడే ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌కైతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిచే ఉబుంటు ఉన్నది) బూట్ చేసి, 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే'తో పార్టిషన్ పేరు చూసుకుని, 'సుడో ఈ2ఎఫ్‌ఎస్‌సీకే హైఫన్ ఎఫ్' పక్కన 'స్లాష్ డెవ్ స్లాష్' చేర్చి ఆ పేరు ఇవ్వండి. మౌంట్ అయి ఉన్న (తెరిచి వాడుకలో ఉన్న) పార్టిషన్ మీద దీన్ని నడిపితే బాగున్న డేటా కూడా చెడిపోవచ్చు.

వీటన్నిటికంటే ముందు స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) చూడండి. పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేక డిస్కు అనుమానంలో పెట్టిన భాగాలు) సున్నా కాకుండా పెరుగుతుంటే రిపేరు ఆపి, ఫైళ్లు వేరే డిస్కుకు కాపీ చేసుకోండి. సీహెచ్‌కేడీఎస్‌కేకు స్లాష్ ఆర్ (చెడిన సెక్టార్లను వెతికే ఆప్షన్) ఇచ్చి గంటల తరబడి స్కాన్ పెడితే చావుబతుకుల్లో ఉన్న డిస్కు మధ్యలోనే ప్రాణం వదలొచ్చు.