ఇంట్లో ఫొటోలకు చిన్న కెమెరా: కొనేముందు లెన్స్ చుట్టూ ఉన్న అంకెలు చదవండి

బారసాలకో, పుట్టినరోజుకో, ఇంట్లో వ్రతానికో పనికొస్తుందని చిన్న కెమెరా కొనేవాళ్లు షాపులో ముందుగా అడిగేవి రెండే: మెగాపిక్సెల్స్ ఎన్ని, జూమ్ ఎంత. ఇంటి లోపల ఈ రెండిటితోనూ పెద్దగా పని లేదు. ఒక్క ట్యూబ్‌లైట్ వెలిగే హాలు మన కంటికి బాగానే కనిపిస్తుంది కానీ, మిట్టమధ్యాహ్నపు ఎండతో పోలిస్తే అక్కడి వెలుతురు సుమారు వెయ్యో వంతు. ఆ కాస్త వెలుతురులో ఎంత పట్టుకోగలదో చూసి కెమెరా ఎంచుకోవాలి. అది సెన్సర్ (లెన్స్ వెనక వెలుతురును ఫొటోగా మార్చే చిప్) సైజు మీద, లెన్స్ అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) మీద ఆధారపడి ఉంటుంది.

ఈ రెండూ లెన్స్ చుట్టూ ఉన్న రింగు మీదే దొరుకుతాయి. ఉదాహరణకు కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2 మీద 8.8-36.8 మి.మీ., 1:1.8-2.8 అని ఉంటుంది. 1.8 అనేది జూమ్ చేయకముందు అపెర్చర్, 2.8 పూర్తిగా జూమ్ చేశాక. ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది. అంకె రెట్టింపైతే లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. అదే కంపెనీ ఇక్సస్ 285 హెచ్ఎస్ మీద 4.5-54 మి.మీ., 1:3.6-7.0 అని కనిపిస్తుంది. 12 రెట్ల జూమ్ అని దాన్ని గొప్పగా చూపిస్తారు కానీ, 7.0 అన్న అంకె ఇంట్లో చాలా ఇబ్బంది పెడుతుంది.

మి.మీ.లో ఉన్న మొదటి అంకె సెన్సర్ గురించి చెబుతుంది. చిన్న కెమెరాల్లో అది 4, 5 దగ్గర మొదలైతే సాధారణంగా లోపల ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్, అంటే సుమారు 6.2 × 4.6 మి.మీ. 9, 10 దగ్గర మొదలైతే ఒక అంగుళం రకం, 13.2 × 8.8 మి.మీ. (పేరులో అంగుళం ఉన్నా కొలత అంగుళం కాదు, కంగారుపడకండి.) రికో జీఆర్ 3 లాగా 18 ఉంటే ఏపీఎస్-సీ అనే ఇంకా పెద్ద రకం, 23.5 × 15.6 మి.మీ. ఒక అంగుళం సెన్సర్ వైశాల్యం 1/2.3 కంటే నాలుగు రెట్లు. 1.8 అపెర్చర్ 3.6 కంటే నాలుగు రెట్లు వెలుతురు లోపలికి పంపుతుంది. రెండూ కలిస్తే పైన చెప్పిన రెండు కెమెరాల మధ్య తేడా 16 రెట్లు, అదీ జూమ్ చేయకముందే.

అందుకే 1/2.3 సెన్సర్ కెమెరాను ఇంటి లోపలి ఫొటోల కోసం కొనొద్దని గట్టిగా చెబుతున్నాం. ఇప్పుడు మధ్యస్థ ధర ఫోన్లలో కూడా చాలావాటి మెయిన్ కెమెరా సెన్సర్ అంతకంటే పెద్దది, అపెర్చర్ 1.8 దగ్గర ఉంటుంది. డబ్బు పెట్టి ఫోన్ కంటే వెనక్కి వెళ్లడం దేనికి?

అంకెలు ఫొటోలో ఎలా కనిపిస్తాయో చూద్దాం. ఉయ్యాలలో బిడ్డ, కేకు కోస్తున్న పిల్ల ఫొటోలో చెదరకుండా పడాలంటే షట్టర్ స్పీడ్ (కెమెరా వెలుతురును లోపలికి తీసుకునే సమయం) కనీసం 1/125 సెకను ఉండాలి. పరిగెత్తే పిల్లలకు 1/250. మసక హాల్లో 1/125 పెడితే అపెర్చర్ 1.8 దగ్గర ఐఎస్ఓ (తక్కువ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె) సుమారు 1250 సరిపోతుంది. 2.8 దగ్గర 3200 కావాలి, 5.6 దగ్గర 12800. ఒక అంగుళం సెన్సర్‌లో 1600 వరకు ఫొటో శుభ్రంగా ఉంటుంది, 3200 దగ్గర కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుంది కానీ ప్రింటు వేసుకోవచ్చు. 12800 దగ్గర ముఖం మైనపు బొమ్మలా అయిపోతుంది, చీర అంచు నేత కలిసిపోతుంది.

స్టెబిలైజేషన్ ఉందని షాపువాళ్లు భరోసా ఇస్తారు. అది మీ చేతి వణుకును సరిదిద్దుతుంది, పిల్లాడి కదలికను ఆపలేదు. దేవుడి దగ్గర దీపాలను 1/15 సెకనుతో చేత్తో పట్టుకుని తీయడానికి మాత్రం చాలా ఉపయోగం.

ఇక గది. రింగు మీది మి.మీ. అంకెలు సెన్సర్ సైజును బట్టి మారతాయి కాబట్టి, పోల్చడానికి వాటిని పాత 35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలోకి మార్చి చెబుతారు; జీ7ఎక్స్ మీది 8.8 ఆ లెక్కలో 24. అలా 24 మి.మీ.కి సమానమైన లెన్స్‌తో 8 అడుగుల దూరం నుంచి 12 అడుగుల వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. 28తో సుమారు 10 అడుగులు, 35తో 8. ఫ్లాట్ల గదుల్లో వెనక్కి జరగడానికి చోటుండదు కాబట్టి 24 ఉన్నదే తీసుకోండి. గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డవాళ్లు సాగినట్టు పడతారు. వాళ్లను కొంచెం లోపలికి జరపండి.

ఈ లెక్కన జీ7ఎక్స్ మార్క్ 2, మార్క్ 3 (24-100 మి.మీ., 1.8-2.8), సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 3 (24-70 మి.మీ., 1.8-2.8) ఇంటికి బాగా సరిపోతాయి. ఆర్ఎక్స్100 పేరుతో ఉన్నవన్నీ ఒకటే అనుకోకండి. 2012 నాటి మొదటిది జూమ్ చేసేకొద్దీ 4.9కి పడిపోతుంది. 2019లో వచ్చిన మార్క్ 7 చాలా ఖరీదైనదే కానీ, 200 మి.మీ. జూమ్ కోసం లెన్స్‌ను 2.8-4.5 చేశారు. ఇంటి లోపలికి పాత మార్క్ 3 నయం. రికో జీఆర్ 3లో సెన్సర్ పెద్దదే, జూమ్ లేదు, ఫ్లాష్ కూడా లేదు.

ఫ్లాష్ నేరుగా కొడితే ముఖం మరీ తెల్లగా పడి, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. ఆర్ఎక్స్100 ఫ్లాష్‌ను వేలితో వెనక్కి వంచి పైకప్పు వైపు తిప్పొచ్చు. సీలింగ్ తెల్లగా, 9-10 అడుగుల ఎత్తులో ఉంటే వెలుతురు మెత్తగా దిగుతుంది. రంగు సీలింగ్ అయితే ఆ రంగే ముఖాల మీద పడుతుంది.

షాపులో చూసేటప్పుడు అక్కడి లైట్ల కింద తీసిన ఫొటోను నమ్మకండి, ఆ వెలుతురు మీ హాల్లో ఉండదు. మీ మెమరీ కార్డు తీసుకెళ్లండి. డయల్‌ను సోనీలో ఎస్, కెనాన్‌లో టీవీ (Tv) అన్న గుర్తు దగ్గర పెట్టి (షట్టర్ స్పీడ్ మనమే ఎంచుకునే మోడ్ ఇది) 1/125 ఎంచుకోండి, ఐఎస్ఓ ఆటోలో ఉంచండి. కౌంటర్ కింద నీడలో ఏదైనా అక్షరాలున్న పెట్టెను ఒకసారి జూమ్ లేకుండా, ఒకసారి పూర్తి జూమ్‌తో తీయండి. ఇంటికెళ్లి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే విషయం తెలిసిపోతుంది. ఆ డయల్ మీద ఎస్, టీవీ, ఎమ్ (అన్నీ మనమే ఎంచుకునే మోడ్) లాంటివి లేక అంతా ఆటోనే అయితే ఆ కెమెరాను అక్కడే వదిలేయండి.

వాడిన కెమెరా అయితే పదిసార్లు ఆన్, ఆఫ్ చేసి లెన్స్ ఆగకుండా, చప్పుడు లేకుండా బయటికి వస్తుందో లేదో చూడండి. జూమ్ మోటారు పోతే రిపేరు ఖర్చు ఒక్కోసారి కెమెరా ధరకు దగ్గరవుతుంది. తర్వాత అపెర్చర్‌ను 11 దగ్గర పెట్టి తెల్లగోడను తీయండి. నల్లటి చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టే. వీటికి లెన్స్ ఊడదీసే వీలుండదు కాబట్టి మొత్తం విప్పితే తప్ప అది పోదు.

కొన్నాక ఫొటోల్లో అడ్డంగా ముదురు, లేత చారలు కనిపిస్తే కెమెరా పాడైందనుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా తీసే మోడ్) ఆపేసి, అప్పటికీ ఒక ఫొటో వెలుగుగా, మరొకటి మసకగా వస్తుంటే కదలని వాటికి 1/50, మనుషులకు 1/100 (పైన చెప్పిన 1/125 కంటే కాస్త తక్కువే అయినా) పెట్టండి. అమెరికాలో ఉన్నవాళ్లకు కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ 1/60 లేదా 1/125. పసుపు బల్బు, తెల్ల ట్యూబ్‌లైట్ కలిసి వెలుగుతుంటే ఏ కెమెరా అయినా చర్మం రంగు తప్పు పడుతుంది. ఒకదాన్ని ఆర్పేసి, తెల్లకాగితం చూపించి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా పడేలా రంగులను సరిచేసే సెట్టింగ్) సెట్ చేసుకోండి.