కాంటనీస్ భోజనం నేర్చుకుందాం – 4వ పాఠం: అర్ధరాత్రి దాయ్ పాయ్ డాంగ్‌లో ఆర్డర్ ఇవ్వడం

గత మూడు పాఠాల్లో టీ పోయడం, చాప్‌స్టిక్స్ పట్టుకోవడం, పొద్దున పూట డిమ్ సమ్ తినడం నేర్చుకున్నాం. ఈసారి రాత్రి తిండి. హాంకాంగ్‌లో రాత్రి భోజనం అయ్యాక, పదో పదకొండో దాటాక మళ్లీ కూర్చుని తినేదాన్ని 'సియు యే' అంటారు. షిఫ్ట్ దిగిన టాక్సీ డ్రైవర్లు, కొట్టు కట్టేసిన వ్యాపారులు, మాజాంగ్ ఆట ముగించిన స్నేహితులు ఒకే చోట కనిపిస్తారు. వాళ్లంతా చేరే చోటే దాయ్ పాయ్ డాంగ్: రోడ్డు పక్క రేకుల వంటశాల, మడత బల్లలు, ప్లాస్టిక్ స్టూళ్లు.

1956 తర్వాత ప్రభుత్వం వీటికి కొత్త లైసెన్సులు ఇవ్వడం ఆపేసింది. అందుకే వీధిలో మిగిలినవి కొన్నే. సెంట్రల్ అనే ప్రాంతంలోని స్టాన్లీ స్ట్రీట్‌లో, షామ్ షుయ్ పో ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. అదే వంట, అదే సందడి మున్సిపల్ మార్కెట్ భవనాల పై అంతస్తుల్లోని ఫుడ్ సెంటర్లలోనూ దొరుకుతుంది. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెడితే టెన్షన్ తక్కువ. పైన కప్పు ఉంటుంది, బల్లలు కూడా కాస్త దూరంగా ఉంటాయి.

కూర్చోగానే టీ కెటిల్, ఒక పెద్ద గిన్నె వస్తాయి. మొదటి టీ తాగడానికి కాదు. దానితో కప్పులు, చిన్న గిన్నెలు, చాప్‌స్టిక్స్ కడిగి ఆ నీళ్లు పెద్ద గిన్నెలో పారబోయాలి. ఎవరూ ఏమీ అనుకోరు, అందరూ అదే చేస్తారు. టీకి మనిషికింత అని బిల్లులో వేస్తారు. బల్ల ఖాళీ లేకపోతే తెలియనివాళ్ల పక్కన కూర్చోబెడతారు. ఒక చిన్న తల ఊపు చాలు, మాటలు కలపాల్సిన పని లేదు.

ఇక ఈ పాఠంలో అసలు విషయం. ఇక్కడ ఆర్డర్ ఇచ్చేటప్పుడు మెనూ కంటే ముందు పొయ్యి వైపు చూడండి. వోక్ (లోతైన గుండ్రటి బాణలి) కింద మంట గర్జిస్తూ ఉంటుంది, కొన్నిచోట్ల ఇప్పటికీ కిరోసిన్ పొయ్యిలే. ఆ మంటలో నూనె తుంపర అంటుకుని పదార్థానికి పట్టే పొగ వాసననే 'వోక్ హేయ్' అంటారు. ఇంటి స్టవ్ మీద అంత వేడి రాదు. అర్ధరాత్రి ఇంత దూరం వచ్చేది దీని కోసమే. కాబట్టి ఆ మంట మీద అప్పటికప్పుడు వేగేవే అడగాలి. ఉడికించి ఉంచిన మాంసం, కాల్చి వేలాడదీసిన బాతు పగలు తినొచ్చు, వాటికి వేరే కొట్లు ఉన్నాయి.

నలుగురు ఉన్నారనుకోండి. నాలుగు వంటకాలు చాలు. ఒకటి సముద్రపు పదార్థం, ఒకటి కరకరలాడేది, ఒకటి ఆకుకూర, చివర్లో కడుపు నింపే నూడుల్స్ గానీ అన్నం గానీ. మొదటిదానికి నల్ల సోయా గింజలు, మిరపకాయతో వేయించిన ఆల్చిప్పలు నా ఎంపిక. కరకరలాడేదానికి ఉప్పు మిరియాల స్క్విడ్. ఆకుకూరకు తూటికూర, పులియబెట్టిన టోఫు 'ఫు యు'తో వేయించమనండి.

ఇంకా డబ్బు ఉంటే పీత. కాజ్‌వే బే తుఫాను ఆశ్రయంలో (తుఫానుల్లో పడవలు తలదాచుకునే రేవు) పడవల మీదే బతికిన మత్స్యకారుల వంట ఇది. పీత కంటే దాని మీద గుట్టగా పోసే వేయించిన వెల్లుల్లి, ఎండుమిర్చి, నల్ల సోయా గింజలు గొప్ప. పీత అయిపోయాక మిగిలిన ఆ వెల్లుల్లిని వదిలేయకండి. తెల్ల కాంజీ (బియ్యపు జావ) ఒక గిన్నె తెప్పించి అందులో చల్లుకుని తినండి. కారం, వెల్లుల్లి ఎరిగిన తెలుగు నాలుకకు ఇది తొలిసారే నచ్చుతుంది.

పీత, చేప, రొయ్య దగ్గర ధర బదులు '时价' అనే రెండు అక్షరాలు కనిపిస్తే (హాంకాంగ్‌లో '時價' అని రాస్తారు) ఆ రోజు రేటు అని అర్థం. నోరు విప్పి ముందే అడగండి. తూకం 'గన్'లో చెబుతారు. హాంకాంగ్‌లో గన్ అంటే సుమారు 605 గ్రాములు. సరిహద్దు దాటి గ్వాంగ్‌జౌ వెళ్తే సరిగ్గా 500. పీత ఎన్ని గన్‌లుందో తూచి చూపించమని అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

ఇప్పుడు పరీక్ష వంటకం: 'గొన్ చావ్ ఙావ్ హో'. వెడల్పాటి బియ్యపు నూడుల్స్, గొడ్డు మాంసం, మొలకలు, ఉల్లికాడలు, సోయా సాస్. గ్రేవీ ఉండదు. వంటవాడి చేతి బలం ఇక్కడే తెలుస్తుంది. మూడు విషయాలు చూడండి, మొదటి రెండు ప్లేటు రాగానే, మూడోది తిన్నాక. నూడుల్స్ ముక్కలు కాకుండా పొడవుగా ఉన్నాయా? రంగు అన్నిటికీ ఒకేలా పట్టిందా? తిన్నాక ప్లేటు అడుగున నూనె మడుగు కట్టిందా? మడుగు ఉంటే మంట చాలలేదని అర్థం. మొదటి రెండూ చూడటం రెండు క్షణాల్లో ముగించి వెంటనే తినండి, ఫోటోల కోసం ఆగకండి. రెండు మూడు నిమిషాల్లో వోక్ హేయ్ పోతుంది, ఆ తర్వాత అది మామూలు నూడుల్స్ మాత్రమే. గొడ్డు మాంసం తినని వాళ్లు 'సి యావ్ వోంగ్ చావ్ మీన్' అడగండి. సన్నటి నూడుల్స్, సోయా సాస్, మొలకలతో చేసేది. అదే మంట, అదే పరీక్ష.

శాకాహారులకు ఉన్నమాట చెబుతాను. 'ఙో సిక్ జాయ్' (నేను శాకాహారం తింటాను) అని చెబితే మాంసం వేయరు, కానీ ఆయిస్టర్ సాస్, రొయ్య పొడి, పంది కొవ్వు, అన్నిటికీ ఒకటే వోక్ అనే చిక్కులు ఉంటాయి. తెల్ల కాంజీ కూడా ఒక్కోచోట ఎండు స్కాలప్స్‌తో (ఒక రకం ఆల్చిప్పలు) కాస్తారు. కచ్చితంగా పాటించేవాళ్లు పగటి పూట బౌద్ధ శాకాహార రెస్టారెంట్‌కు వెళ్లడమే మేలు. కాస్త సడలింపు ఉన్నవాళ్లకు వెల్లుల్లితో వేయించిన ఆకుకూర, తెల్ల అన్నం సరిపోతాయి.

పిలవడానికి చెయ్యెత్తి 'మ్ గోయ్' అనండి. దయచేసి, థ్యాంక్స్ రెండింటికీ ఇదే పనికొస్తుంది. వడ్డించే పెద్దావిడను 'ఆ జె' అని పిలవచ్చు, మనం అక్కా అన్నట్టే. సిబ్బంది తొందరగా, పొడిగా మాట్లాడతారు. కోపం కాదు, పది బల్లలు చూసుకుంటున్నారు. వంటకాలు వరుసలో రావు, ఏది ముందు వేగితే అది వస్తుంది. అన్నీ మధ్యలో పెట్టి, 'గోంగ్ ఫాయ్' అనే ఉమ్మడి చాప్‌స్టిక్స్‌తో మీ గిన్నెలోకి తీసుకోండి. 2003లో సార్స్ అంటువ్యాధి వచ్చాక ఈ అలవాటు బాగా పెరిగింది. బిల్లుకు 'మాయ్ దాన్'. నోట్లు దగ్గర ఉంచుకోండి, కార్డు తీసుకోని చోట్లు ఉన్నాయి. ఎం.టి.ఆర్. అనే మెట్రో రైళ్లు ఒంటిగంట ప్రాంతంలో ఆగిపోతాయి. ఆ తర్వాత 'ఎన్'తో మొదలయ్యే రాత్రి బస్సులు, టాక్సీలే దిక్కు.

ఈ వారం అభ్యాసం: ఇద్దరు మనుషులు, అందులో ఒకరు గొడ్డు మాంసం తినరు. మూడు వంటకాలు ఎంచండి. ప్రతిదానికీ అది మంట మీద అప్పటికప్పుడు వేగేదో కాదో రాయండి. తర్వాత 'మ్ గోయ్', 'మాయ్ దాన్' రోజుకు పదిసార్లు పైకి అనండి, నాలుక తిరిగేదాకా. ఐదో పాఠంలో తెల్లవారుజామున తెరిచే కాంజీ కొట్టుకు వెళ్తాం. అక్కడ నూనెలో వేయించిన 'యావ్ జా గ్వాయ్'ని కాంజీలో ముంచే పద్ధతి నేర్చుకుంటాం.