కుక్కర్‌లో పుట్టినరోజు కేక్: మైదా కలిపే ఆ రెండు నిమిషాలు

కేక్ పొంగలేదు, అడుగున ముద్దగా ఉండిపోయింది అని బాధపడేవాళ్లను కదిపి చూడండి. "మాకు ఓవెన్ లేదు కదండీ, కుక్కర్‌లో చేశాం, అందుకే" అంటారు. కుక్కర్ పాపం ఏమీ చేయలేదు. పిండి కుక్కర్ దాకా వెళ్లకముందే, మైదా మిక్సీ జార్‌లో పోసి తిప్పినప్పుడే పని చెడిపోయింది. "అన్నీ మిక్సీలో వేసేయండి, రెండు నిమిషాల్లో కేక్ పిండి రెడీ" అనే వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మిక్సీ పంచదార పొడి కొట్టుకోవడానికి పనికొస్తుంది. అంతవరకే.

ఇక్కడ చెప్పేది గుడ్లతో చేసే మామూలు వెనీలా స్పాంజ్ కేక్. అర కిలోకి కాస్త తక్కువ తూగుతుంది, ఎనిమిది మందికి సరిపోతుంది.

కావలసినవి

గుడ్లు 3, మైదా 120 గ్రాములు, పంచదార 120 గ్రాములు (పొడి కొట్టి), సన్‌ఫ్లవర్ నూనె 60 మిల్లీలీటర్లు, పాలు 2 టేబుల్ స్పూన్లు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్ తలకొట్టి, వెనీలా ఎసెన్స్ ఒక టీస్పూన్, చిటికెడు ఉప్పు. 5 లీటర్ల కుక్కర్, అందులో చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండేలా పట్టే అల్యూమినియం గిన్నె, అడుగున పోయడానికి ఒకటిన్నర కప్పు ఉప్పు, ఒక స్టాండ్.

గ్లాసు కొలతలు అడగొద్దు. మీ ఇంటి గ్లాసు, మా ఇంటి గ్లాసు ఒకటి కావు. చిన్న ఎలక్ట్రానిక్ తూకం కొనుక్కోండి. ఒక్క కూల్ కేక్ ఖరీదు కూడా కాదు.

నూనె వాసన లేనిదై ఉండాలి. వేరుశనగ నూనె పోస్తే కేక్ పకోడీల వాసన వేస్తుంది. వెన్న ఎందుకు వద్దంటున్నానో కూడా చెబుతాను. వెన్న చల్లబడితే గడ్డకడుతుంది, కాబట్టి ఆ కేక్ ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. నూనె కేక్ మర్నాడు కూడా మెత్తగానే ఉంటుంది. ఇది నా సొంత తెలివేం కాదు. 1927లో అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లో, హ్యారీ బేకర్ అనే ఇన్సూరెన్స్ ఏజెంట్ షిఫాన్ కేక్ కనిపెట్టాడు. ఆ మెత్తదనం ఎలా వచ్చిందో ఇరవై ఏళ్లపాటు ఎవరికీ చెప్పకుండా దాచుకుని, చివరికి జనరల్ మిల్స్ కంపెనీకి అమ్ముకున్నాడు. అంతా చేసి ఆ రహస్యం ఏమిటయ్యా అంటే, వెన్నకు బదులు వంటనూనె!

మా అమ్మ రోజుల్లో వెన్నా లేదు, నూనే లేదు, డాల్డా. పుట్టినరోజు ముందురోజు మధ్యాహ్నం పెద్ద స్టీలు పళ్లెంలో డాల్డా, పంచదార పొడి వేసుకుని నేలమీద కూర్చుని, అవి తెల్లగా నురగలా తేలేదాకా అరచేత్తో రుద్దేది. పళ్లెం జరగకుండా పట్టుకోవడం మా పని. అదే రోజు మైదా, పంచదార, డాల్డా సంచిలో వేసి మమ్మల్ని బేకరీకి పంపేది. వాళ్లు కూలి తీసుకుని బిస్కెట్లు చేసి మన డబ్బాలోనే పోసి ఇచ్చేవాళ్లు. ఇంటికొచ్చేసరికి పై వరుస సగం ఖాళీ. బిస్కెట్లు అద్భుతంగా ఉండేవి. డాల్డా కేక్ మాత్రం మర్నాటికి టీలో ముంచితే గానీ మింగుడుపడేది కాదు. జ్ఞాపకం మీద ఎంత మమకారం ఉన్నా ఆ పద్ధతి మీకు చెప్పను.

ముందు పనులు

కేక్ పుట్టినరోజు ముందురోజే చేయండి. స్పాంజ్ మర్నాటికి చక్కగా కోతకు వస్తుంది, పొడిపొడిగా రాలదు. పండగ పూట టెన్షన్ కూడా ఉండదు.

గుడ్లు గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. చల్లటి గుడ్డు సరిగా నురగ కట్టదు. గిన్నె అడుగుకు సరిపడా బటర్ పేపర్ గుండ్రంగా కత్తిరించి, నూనె రాసి అతికించండి. గిన్నె పక్కలకు మాత్రం నూనె రాయకండి. అందరూ రాస్తారు, నేను రాయను. పొంగే పిండికి పైకి ఎక్కడానికి పట్టు కావాలి, జిడ్డు గోడ మీద జారిపోతుంది. చల్లారాక చాకు అంచు చుట్టూ తిప్పితే కేక్ అదే ఊడివస్తుంది.

మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించి పక్కన పెట్టండి. నూనె, పాలు, ఎసెన్స్ ఒక చిన్న గిన్నెలో పోసుకోండి.

కుక్కర్ మూతకు రబ్బరు తీసేయండి, విజిల్ తీసేయండి. లోపల నీళ్లు చుక్క కూడా పోయకూడదు. అడుగున ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి మూత పెట్టండి. ఎక్కువసేపు పొడిగా కాలితే కుక్కర్ అడుగు నల్లబడుతుంది, అందుకని పాత కుక్కర్ ఉంటే అది తీయండి. ఆ ఉప్పు మళ్లీ కూరల్లోకి పనికిరాదు. చల్లారాక డబ్బాలో పోసి "కేక్ ఉప్పు" అని రాసి పెట్టుకోండి, మళ్లీ కేక్ చేసినప్పుడు అదే వాడొచ్చు.

గుడ్లు గిలక్కొట్టడం

జిడ్డు లేని పెద్ద గిన్నెలో గుడ్లు, పంచదార పొడి వేసి గిలక్కొట్టండి. ఎలక్ట్రిక్ బీటర్ అయితే 7, 8 నిమిషాలు. చేత్తో తిప్పే విస్క్ గానీ కవ్వం గానీ అయితే దానికి రెట్టింపు, పైగా ఇద్దరు మనుషులు వంతులు వేసుకోవాలి. పుట్టినరోజు పిల్లను ఈ పనికి పెట్టండి, వాళ్లకు ఉత్సాహం ఎక్కువ. పసుపు రంగు పోయి, లేత మీగడ రంగు వచ్చి, మూడింతలవుతుంది. బీటర్ పైకెత్తి, జారే ధారతో గిన్నెలో 8 అంకె వేయండి. అంకె వెంటనే మునిగిపోకుండా కాసేపు పైన కనిపిస్తే చాలు. కనిపించకపోతే ఇంకా కొట్టండి. ఇక్కడ ఎక్కువ కొట్టడం వల్ల కేక్ చెడిపోతుందన్న భయం అక్కర్లేదు, ఆ భయం తర్వాతి మెట్టుకు దాచుకోండి.

ఇప్పుడు కుక్కర్ కింద మీడియం మంట పెట్టండి. పది నిమిషాలు కాగాలి.

మైదా కలపడం: ఇక్కడ జాగ్రత్త

ముందు మీ గిన్నెలో ఏముందో గుర్తు చేసుకోండి. గుడ్ల పొర లోపల ఇరుక్కున్న గాలి. ఈ కేక్‌ను లేపేది ప్రధానంగా ఆ గాలే, బేకింగ్ పౌడర్ చేసేది సాయం మాత్రమే. ఇప్పటి నుంచి మీరు చేసే ప్రతి తిప్పుడుకీ కొంత గాలి పోతుంది. కాబట్టి ఎంత తక్కువ కదిలిస్తే అంత మంచిది. అలాగని మైదా కలవకుండా వదిలేస్తే తెల్లటి ఉండలు పంటి కింద పడతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకు.

రెండో ప్రమాదం మైదాది. మైదాలో ఉండే ప్రోటీన్ తడి తగిలి, ఒత్తిడి పడేకొద్దీ సాగే గుణం తెచ్చుకుంటుంది. దాన్నే గ్లూటెన్ అంటారు. పరోటాకు అది కావాలి, అందుకే పిండిని అంతసేపు మర్దిస్తాం. కేక్‌కు అది శత్రువు. మిక్సీ బ్లేడు చేసేది సరిగ్గా ఈ రెండు తప్పులే: గాలినంతా పగలగొడుతుంది, మైదాను సాగదీస్తుంది. బీటర్ కూడా అంతే. కాబట్టి మైదా వేసే ముందు బీటర్ ప్లగ్ పీకేసి సింక్‌లో పడేయండి. చేతికి అందేలా ఉంటే "ఒక్కసారి తిప్పుదాం" అనిపిస్తుంది.

మైదాను మూడు వంతులు చేసుకోండి. మొదటి వంతు జల్లెడతోనే నురగ మీద అంతా పడేలా జల్లించండి, ఒకేచోట గుట్టగా పోయకండి. గుట్ట బరువుకు కిందికి దిగిపోయి అడుగున ఉండకడుతుంది. వెడల్పు స్పాచులా తీసుకుని గిన్నె నడుమ కత్తిలా నిలువుగా దించి, అడుగును తాకుతూ మీవైపు లాగి, కిందున్నదాన్ని పైకి తెచ్చి మడత వేయండి. ఎడమచేత్తో గిన్నె పావు వంతు తిప్పండి. మళ్లీ దించండి, లాగండి, మడవండి. గుండ్రంగా కలియతిప్పడం అసలు ఉండకూడదు. ఒక్కో వంతుకు పది పన్నెండు మడతలు చాలు. స్పాచులా లేకపోతే శుభ్రమైన చెయ్యి వేళ్లు విప్పి పెట్టండి. నిజానికి చెయ్యే మేలు, ఉండ ఎక్కడుందో వేళ్లకు ముందే తెలిసిపోతుంది.

మొదటి రెండు వంతులకు తెల్ల చారలు పూర్తిగా పోనక్కర్లేదు. అవి తర్వాతి మడతల్లో కలుస్తాయి. అక్కడ కంగారుపడి తెగ కలిపేవాళ్ల కేకే చివరికి చదునుగా వస్తుంది.

మూడో వంతు కలిశాక నూనె. దీన్ని నేరుగా గిన్నెలో పోయొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు. నూనె బరువుకు అడుగుకు జారి కూర్చుంటుంది, దాన్ని కలపడానికి మళ్లీ తిప్పాల్సి వస్తుంది, కేక్ అడుగున జిగటగా రబ్బరు పొర వస్తుంది. అందుకని రెండు గరిటెల పిండి తీసి నూనె, పాలు, ఎసెన్స్ ఉన్న చిన్న గిన్నెలో వేసి అక్కడ బాగా కలపండి. ఆ రెండు గరిటెల్లో గాలి పోయినా నష్టం లేదు. అది చిక్కబడ్డాక పెద్ద గిన్నెలో అంచు వెంబడి పోసి, మళ్లీ అదే మడత, పది పన్నెండు సార్లు. నూనె చార కనబడటం ఆగగానే చెయ్యి ఆపేయండి. ఇంకొంచెం నున్నగా చేద్దామన్న ఆశ వద్దు.

ఆపాక ఫోన్ ఎత్తొద్దు. బేకింగ్ పౌడర్‌కు తడి తగలగానే గ్యాస్ పుట్టడం మొదలవుతుంది, అది పిండిలోంచి పోయేలోపు వేడి తగలాలి. కుక్కర్ ముందే కాగి ఉండాలనేది అందుకే. డబ్బా పాతదైతే కాస్త పౌడర్ వేడినీళ్లలో వేసి చూడండి, బుసబుసా పొంగకపోతే పారేయండి. దీన్ని 1843లో ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకు ఈస్ట్ పడకపోతే ఆమె కోసం తయారుచేశాడు. పెళ్లాం కోసం ఇంత మంచి వస్తువు చేసిన మొగుళ్లు తక్కువ.

కుక్కర్‌లో

పిండి గిన్నెలో సగానికి కాస్త పైదాకా ఉండాలి. గిన్నెను గట్టు మీద ఒక్కసారి తట్టి, స్టాండ్ మీద పెట్టి, మూత పెట్టి మంట పూర్తిగా తగ్గించండి. 40 నిమిషాలు. మొదటి 30 నిమిషాలు మూత తీయకూడదు, ఎవరు అడిగినా. చల్లగాలి తగిలితే నడుమ కుంగిపోతుంది, మళ్లీ లేవదు. పైన గోపురంలా లేచి పగిలిందంటే మంట ఎక్కువైందని.

కోనసీమలో మా అమ్మమ్మ ఎన్నడూ కేక్ చేసి ఎరగదు. కానీ ఇత్తడి గిన్నెలో దిబ్బరొట్టె పోసి, కింద సన్నసెగ, మూత మీద నాలుగు నిప్పులు వేసి, వాసనను బట్టే అయిందో లేదో చెప్పేది. కేక్ కూడా వాసనతోనే చెబుతుంది. వంటింట్లోంచి హాల్లోకి వాసన వచ్చాక ఇంకో అయిదు నిమిషాలు ఆగి టూత్‌పిక్ నడుమ గుచ్చండి. అమ్మ కొత్త చీపురుపుల్ల కడిగి గుచ్చేది. పచ్చి పిండి అంటకుండా వస్తే దించేయండి. పది నిమిషాలాగి బోర్లించండి.

పైన ఏం వేయాలి

పూర్తిగా చల్లారాక అడ్డంగా రెండు పొరలు కోసి, నడుమ మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ పూయండి. పైన పంచదార పొడి జల్లించి, జెమ్స్ బిళ్లలతో పేరు రాయండి. అంతే. విప్డ్ క్రీమ్ జోలికి పోకండి, మే నెలలో విజయవాడలో కేక్ కోసేలోపే అది కారిపోతుంది. బయట కొనే కూల్ కేక్‌లో సగం బరువు ఆ క్రీమే కదా, పిల్లలు అది మొహానికి పూసుకుని లోపలి కేక్ పళ్లెంలో వదిలేస్తారు. ట్యూటీ ఫ్రూటీ వేయాలనుకుంటే మైదాలో ఒకసారి పొర్లించి చివరి మడతలో వేయండి, అడుగుకు దిగవు. అవి పచ్చి బొప్పాయి ముక్కలని పిల్లలకు ముందే చెప్పకండి.

చాక్లెట్ కావాలంటే మైదాలో 20 గ్రాములు తగ్గించి అంత కోకో పొడి వేయండి. పుట్టినరోజు శనివారం పడి ఇంట్లో గుడ్డు వద్దంటే, ఇందులోంచి గుడ్లు తీసేసి చేయాలని చూడకండి. ఇందులో పొంగించేదే గుడ్డు. ఎగ్‌లెస్‌కు పెరుగు, వంటసోడాతో వేరే లెక్క ఉంటుంది.

మిగిలితే గాలి చొరని డబ్బాలో బయటే రెండు రోజులుంటుంది. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో పెట్టండి, నూనె కేక్ కాబట్టి గట్టిపడదు. కోసేటప్పుడు రాలిన పొడి పారేయకుండా పాలల్లో వేసి పిల్లలకు పెట్టేయండి.