డాక్‌స్ట్రింగ్ రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఉదాహరణ

పైథాన్ ఫంక్షన్ ఏం చేస్తుందో చెబుతూ కోడ్‌లోనే రాసే వివరణ డాక్‌స్ట్రింగ్. పోయిన పాఠంలో అందులో పారామీటర్లు (ఫంక్షన్‌కు మనం ఇచ్చేవి), రిటర్న్స్ (అది తిరిగిచ్చేవి) రాశాం. ఈసారి ఎగ్జాంపుల్స్ భాగం. సంఖ్యల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ నమ్‌పై పద్ధతిలో ఇది డాక్‌స్ట్రింగ్ చివర వస్తుంది. అయినా చాలామంది ముందు చూసేది దీన్నే. కాపీ చేసి, నడిపి, అప్పటికీ అర్థం కాకపోతేనే పైకి వెళ్లి చదువుతారు.

నమ్‌పైలో స్టాండర్డ్ డీవియేషన్ (సంఖ్యలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) లెక్కించే ఎస్‌టీడీ ఫంక్షన్ తీసుకుందాం. పట్టికల డేటాకు వాడే మరో లైబ్రరీ పాండాస్‌లోనూ ఇదే పేరుతో ఒకటుంది. ఒకే డేటా ఇస్తే రెండూ వేర్వేరు జవాబులు చెబుతాయి, కొత్తవాళ్లకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది. కారణం డీడీఓఎఫ్ అనే పారామీటర్. భాగించేటప్పుడు, ఎన్ని సంఖ్యలున్నాయో ఆ లెక్కలోంచి ఎంత తీసెయ్యాలో ఇది చెబుతుంది. దాని డిఫాల్ట్ (మనం ఏమీ ఇవ్వకపోతే తీసుకునే విలువ) నమ్‌పైలో 0, పాండాస్‌లో 1.

ఈ సంగతి ఒక వాక్యంలో రాసేస్తే చాలదు, ఉదాహరణలో కనబడాలి. 2, 4, 4, 4, 5, 5, 7, 9 తీసుకోండి. సగటు 5. సగటు నుంచి తేడాల వర్గాలు కూడితే 32. దాన్ని 8తో భాగిస్తే 4, వర్గమూలం 2. కాగితం మీదే తేలిపోయింది. డీడీఓఎఫ్ 1 ఇస్తే 32ను 7తో భాగించాలి, జవాబు దాదాపు 2.138. ఈ రెండు కాల్స్ ఒకదాని కింద ఒకటి పెట్టండి, మధ్యలో ఒక్క వాక్యం చాలు. వెయ్యి రాండమ్ సంఖ్యలతో ఉదాహరణ రాస్తే గొప్పగా ఉంటుంది కానీ, జవాబు సరైనదేనని చదివేవాళ్లు ఎలా తేల్చుకుంటారు?

రాసింది తప్పకుండా నడిపి చూడండి. పైథాన్‌తోనే వచ్చే డాక్‌టెస్ట్, మూడు గ్రేటర్ దేన్ గుర్తుల పక్కనున్న కోడ్‌ను నడిపి, వచ్చిన జవాబును మీరు రాసిన దానితో అక్షరం అక్షరం పోలుస్తుంది. 2024లో నమ్‌పై 2.0 వచ్చాక ఎస్‌టీడీ జవాబు ఉత్త 2.0గా కాకుండా ఎన్‌పీ.ఫ్లోట్64(2.0) అని కనబడుతోంది. లెక్క మారలేదు, పాత ఉదాహరణలు మాత్రం డాక్‌టెస్ట్‌లో ఫెయిలవుతాయి. అలాగని ప్రతి మూలనూ పరీక్షించే కేసులు ఇక్కడ కుక్కకండి. వాటి చోటు టెస్ట్ ఫైల్.

ఇంటిపని: సగటు లెక్కించే మీన్ ఫంక్షన్‌కు, యాక్సిస్ (సగటు నిలువులవారీగానా, వరసలవారీగానా అని చెప్పే పారామీటర్) అంటే ఏమిటో తెలిసేలా ఒక ఉదాహరణ రాయండి. రెండు వరసలు, రెండు నిలువులున్న పట్టిక వద్దు. యాక్సిస్ 0 అయినా 1 అయినా రెండేసి సంఖ్యలే వస్తాయి, ఏది ఎటు వెళ్లిందో వెంటనే తెలియదు. రెండు వరసలు, మూడు నిలువులతో రాసి, జవాబులో ఎన్ని సంఖ్యలు వచ్చాయో లెక్కపెట్టండి.